తవ్వే తాబేలుకు తవ్వుకునేంత మట్టి

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారి ఉద్యోగరీత్యా మేము కొరాపుట్ జిల్లా సునాబెడలో ఉంటున్నాం. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి ముచ్చటపడితే రెండు తాబేలు పిల్లలను కొన్నాం. ఆఫ్రికా తాబేళ్ళని చెప్పి అమ్మారు. చిప్ప మీద నక్షత్రాల్లాంటి గీతలేమీ లేవు, ఎండుగడ్డి రంగు. ముందు కాళ్ళ మీద ముళ్ళలాంటి పొలుసులున్నాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ జానెడు పొడవుంది. ఎండాకాలమంతా పెరట్లో తిరుగుతాయి. వానలు మొదలైనప్పటి నుంచి చలి తగ్గేదాకా హాల్లో ఒక పెద్ద గాజు తొట్టెలో కాగితాలు పరిచి ఉంచుతున్నాం. అందులో ఉన్నంతసేపూ మూలలు గోకుతూనే ఉంటాయి. బయటకు వదిలితే సోఫా వెనక టైల్స్‌ను గోకుతాయి. గోళ్ళు అరిగిపోయాయి. ఒకదాని చిప్ప మీద గడులు బొడిపెల్లా పైకి లేస్తున్నాయి. అడుగున హీటింగ్ ప్యాడ్ పెట్టమని ఒకరు, ఇసుక పోయమని మరొకరు అన్నారు. ఇంట్లో వీటికి సరైన చోటు ఎలా కట్టాలి? ఈ గోకుడు మాన్పించే మార్గం ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, సునాబెడ

జవాబు:

అమ్మా,

గోకుడు మాన్పించే మార్గం లేదు. ఉన్నా నేను చెప్పను. మీ తాబేళ్ళు ఇల్లు కట్టుకోవాలని చూస్తున్నాయి. గాజు మీద ఎంత గీరినా గుంట పడదు. పడలేదు కాబట్టి మళ్ళీ గీరుతాయి. గోళ్ళు అరిగేదాకా ఆ పని మానలేదంటే వాటికి అది ఎంత అవసరమో చూడండి.

మీరు చెప్పిన ఆనవాళ్ళను బట్టి ఇవి సల్కాటా తాబేళ్ళు. సహారా ఎడారి దక్షిణపు అంచున, సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా పరుచుకున్న ఎండు గడ్డినేలలు వీటి పుట్టిల్లు. అక్కడ మధ్యాహ్నం నేల కాలిపోతుంది, గాలిలో చెమ్మ ఉండదు. ఆ ఎండను ఇవి నేల లోపల తలదాచుకుని గడుపుతాయి. ముందు కాళ్ళతో తవ్వి, పది అడుగులు దాటిన సొరంగాలు చేసుకుంటాయి. లోపలి మట్టి చెమ్మగా ఉంటుంది. పగటి వేడీ రాత్రి చలీ అక్కడికి అంతగా చేరవు. ఎడారి జీవి కాబట్టి పొడిగా ఉంచాలని చాలామంది అనుకుంటారు. నేనూ వైద్యం మొదలుపెట్టిన కొత్తలో అలాగే అనుకుని, వచ్చినవాళ్ళకు అదే సలహా ఇచ్చాను. అది తప్పు సలహా అని తెలిసేసరికి కొన్ని తాబేళ్ళ చిప్పలు పాడయ్యాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ తాబేలు చిప్ప మీద లేస్తున్న బొడిపెల సంగతి కూడా ఇదే. 2003లో వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు సల్కాటా పిల్లల మీదే ఈ విషయం పరీక్షించారు. మేతలో మాంసకృత్తులు ఎక్కువైతే చిప్ప గుట్టలుగా పెరుగుతుందని అంతకుముందు గట్టి నమ్మకం ఉండేది. చూడగా మాంసకృత్తుల ప్రభావం స్వల్పం. గాలి పొడిగా ఉన్నచోట పెరిగిన పిల్లలకే బొడిపెలు ఎక్కువగా వచ్చాయి. హాల్లో కాగితాల మీద, చెమ్మ లేని తొట్టెలో రెండు చలికాలాలు గడిపిన మీ తాబేళ్ళకు జరిగింది అదే. లేచిన బొడిపెలు మళ్ళీ అణగవు. కానీ ఇక నుంచి చెమ్మ దొరికితే కొత్తగా పెరిగే అంచు నునుపుగా వస్తుంది. గడుల మధ్య తెల్లటి కొత్త గీత కనిపిస్తుంది కదా, దాన్ని నెలకోసారి వేలితో తడిమి చూడండి. మీ మట్టి బాగుందో లేదో అదే చెబుతుంది.

కట్టడానికి ముందు కాగితాల పని. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం సల్కాటా వంటి విదేశీ జాతులను పెంచేవాళ్ళు వాటిని నమోదు చేయించుకోవాలి. నియమాలు 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. నమోదు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో జరుగుతుంది. ఇప్పటిదాకా చేయించకపోతే ఆలస్యం చేయకుండా కొరాపుట్‌లోని అటవీ అధికారి కార్యాలయానికి వెళ్ళి విషయం దాచకుండా చెప్పండి. ఈ ఉత్తరం చదివే ఇతరుల కోసం మరొక మాట. మీ ఇంట్లో ఉన్నది నక్షత్ర తాబేలు అయితే దానికి పెట్టె కట్టే ప్రశ్నే లేదు. అది మన దేశపు జీవి, చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, ఇంట్లో ఉంచుకోవడం నేరం. అటవీ శాఖకు అప్పగించాలి. అంతే తప్ప ఏ తాబేలునూ, ముఖ్యంగా సల్కాటాను, దేవమాలి కొండ దగ్గరో కొలాబ్ ఒడ్డునో వదిలేసి రాకండి. దానికీ మంచిది కాదు, అక్కడి జీవులకూ మంచిది కాదు.

ఇక చోటు. గాజు తొట్టె తీసేయండి. గాజు అడ్డమని తాబేలుకు అర్థం కాదు. అవతల కనిపిస్తోంది కాబట్టి దారి ఉందనుకుని రోజంతా నెడుతుంది. గోడలు ఆవల కనిపించనివై ఉండాలి. ప్లైవుడ్ పెట్టె చేయించవచ్చు గానీ, మీ ప్రాంతంలో నేను దాన్ని సిఫారసు చేయను. కొరాపుట్ ఎర్రమట్టిని చెమ్మచేసి చెక్కలో పోస్తే చెదలను పిలిచి భోజనం పెట్టినట్టే. చెదలమందు కొట్టిన చెక్క తాబేలుకు విషం. అందువల్ల ఇటుకలతో కట్టించండి. కింది అంతస్తులో వరండాకో హాలుకో ఒక మూల, ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు సరిపోతుంది. మధ్యలో ఇటుక గోడ వేసి రెండు గదులు చేయించండి. ఎందుకో తరువాత చెబుతాను. కింది అంతస్తు అని గట్టిగా అనడానికి కారణం బరువు. ఈ కొలతలో అడుగు మందాన చెమ్మ మట్టి పోస్తే టన్ను దాటుతుంది. మేడ మీద బాల్కనీలో ఇంత బరువు పెట్టే సాహసం చేయవద్దు.

ఇంటి గోడకు ఆనించకుండా నాలుగు అంగుళాలు వదలండి, లేకపోతే గోడకు చెమ్మ ఎక్కి సున్నం రాలుతుంది. అడుగున మందపాటి టార్పాలిన్ పరిచి, దాని మీద అంగుళం మందాన సిమెంటు పోయించండి. టార్పాలిన్ ఒక్కటే వేస్తే వారంలో గోళ్ళతో చీల్చేస్తాయి. గోడ ఎత్తు మట్టి పైనుంచి ఒకటిన్నర అడుగులు ఉండాలి. పై వరుస ఇటుకను లోపలికి రెండు అంగుళాలు ముందుకు జరిపి పెట్టమనండి, ఎక్కి దాటకుండా ఉంటుంది. లోపలి మూలలను గుండ్రంగా పూయించండి. తాబేళ్ళు పైకి ఎక్కేదీ, వెల్లకిలా పడేదీ మూలల్లోనే. సిమెంటు పని అయ్యాక పది రోజులు నీళ్ళు నిలిపి, రెండు మూడుసార్లు కడిగి పారబోయండి. పచ్చి సిమెంటు ఘాటు వాటి చర్మానికి పడదు.

మట్టి గురించి ఎక్కువగా చెప్పాలి. ఈ మొత్తం పనికి ప్రాణం అదే.

ఉత్త ఇసుక పోయవద్దు. ఇసుకలో సొరంగం నిలవదు, తవ్వినచోటల్లా కూలిపోతుంది. మేతకు అంటుకుని కడుపులోకి పోతే పేగుల్లో పేరుకుంటుంది. అలాగని మీ ఊరి ఎర్రమట్టి ఒక్కటే పోసినా లాభం లేదు. తడిస్తే బంక, ఎండితే రాయి. ఎర్రమట్టి మూడు వంతులు, కడిగిన ఏటి ఇసుక ఒక వంతు, కొబ్బరి పీచు పొట్టు ఒక వంతు కలపండి. కొబ్బరి పొట్టు మొక్కలు అమ్మేచోట ఇటుకల్లా నొక్కి దొరుకుతుంది. శ్రీకాకుళం ఉద్దానం వైపు బంధువులుంటే బస్తాల్లోనే తెప్పించుకోవచ్చు. కొని తెచ్చినదాన్ని ఒకసారి మంచినీళ్ళలో నానబెట్టి పిండేయండి, అందులో ఉప్పు ఉండవచ్చు. ఎర్రమట్టిని పొలం నుంచి తేవద్దు, ఎరువులూ పురుగుమందులూ ఉంటాయి. ఎవరూ సాగు చేయని మెట్ట నుంచి, పైపొర తీసేసి తెప్పించండి. మీ జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం నీలగిరి తోటలు చాలా వేశారు. ఆ చెట్ల కింది మట్టి గానీ, కోత మిల్లు రంపపుపొట్టు గానీ వద్దు. ఘాటు నూనె వాసన ఊపిరితిత్తులకు చెరుపు. తెచ్చిన మట్టిని మూడు నాలుగు రోజులు ఎండలో ఆరబోసి జల్లెడ పట్టండి. మేకులు, గాజుపెంకులు, చీమల గుడ్లు అప్పుడు బయటపడతాయి.

చెమ్మ ఎంత ఉండాలో చెప్పడానికి పరికరాలున్నాయి, కొనండి, మంచిదే. కానీ నేను నమ్మేది చేతినే. కలిపిన మట్టి పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కండి. పిడికిలి తెరిచినప్పుడు ముద్ద నిలవాలి, మీ వేళ్ళ గుర్తులు దాని మీద కనిపించాలి. వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. బొటనవేలితో తోస్తే రెండు ముక్కలుగా విడిపోవాలి. అరిసెల పిండి పాకం కుదిరిందో లేదో చూసే చేతికి ఇది నేర్పనక్కరలేదు. పరిచిన తరువాత పైన చల్లితే పైపొర తడిసి లోపల పొడిగానే ఉంటుంది. మీకు కావలసింది దీనికి తిరగబడ్డ పరిస్థితి. నాలుగు మూలల్లో గోడ వెంట నెమ్మదిగా నీళ్ళు పోయండి. నీరు అడుగుకు దిగి, కింద చెమ్మగా, పైన పొడిగా ఉంటుంది. వారానికి రెండుసార్లు పోస్తే చాలు. వానాకాలంలో అది కూడా అక్కరలేదు.

లోతు విషయంలో లెక్క తేలిక. చిప్ప పొడవు ఎంత ఉందో మట్టి కనీసం అంత లోతు ఉండాలి. మీవి జానెడు కాబట్టి అడుగు పోయండి. గది అంతటా అంత లోతు అవసరం లేదు. ప్రతి గదిలోనూ ఒక సగంలో అడుగు లోతు, మేత పెట్టే రెండో సగంలో నాలుగు అంగుళాలు చాలు. లోతు ఉన్నవైపు ఒక ప్లాస్టిక్ డ్రమ్మును నిలువుగా సగానికి కోయించి, అంచులు నున్నగా గీయించి, అడుగున ఉన్న సిమెంటు మీద ఆనేలా బోర్లించి, సగం పైగా మట్టిలో కప్పేయండి. లోపల ఖాళీగా వదలకండి, చెమ్మ మట్టితోనే నింపండి. తవ్వుకునే పని వాటికి మిగలాలి. డ్రమ్ము ఉన్నందువల్ల సొరంగం కప్పు కూలదు. ఏ రాయి పెట్టినా, బరువైన కుండీ పెట్టినా ఇలాగే అడుగు మీద ఆనించాలి. మట్టి మీద పెట్టిన రాయి కింద తవ్వుకుని లోపలికి పోతే, రాయి దిగి మీద పడుతుంది. జయపురంలో అలా నలిగిన తాబేలును నా బల్ల మీద పెట్టారు. చిప్ప పగలలేదు, పైకి దెబ్బ కనిపించలేదు. మట్టిలో ఊపిరాడక పోయింది.

హీటింగ్ ప్యాడ్ మాట మరిచిపోండి. తాబేలుకు వేడి అంటే ఆకాశం నుంచి వచ్చేది. వేడెక్కితే కిందికి తవ్వుకుంటుంది, చల్లదనం కోసం. కింద ప్యాడ్ ఉంటే తవ్వే కొద్దీ వేడి పెరుగుతుంది, ఇంకా తవ్వుతుంది. పైన మట్టి కప్పి ఉండటంతో ప్యాడ్ వేడి బయటకు పోయే దారి ఉండదు. పొట్ట చిప్ప కాలిన తాబేళ్ళకు నేను వైద్యం చేశాను. నెలల తరబడి కట్లు కట్టాలి.

వేడి పైనుంచే ఇవ్వండి. మేత పెట్టే వైపు ఒక మూల హాలోజన్ బల్బు వేలాడదీయండి. దాని కింద, తాబేలు వీపు ఎత్తులో థర్మామీటర్ పెట్టి చూస్తే 35 నుంచి 38 డిగ్రీలు రావాలి. రెండో చివర 26 డిగ్రీల దగ్గర ఉండాలి. పగలు పన్నెండు గంటలు వెలిగించి రాత్రి ఆపేయండి. ఎల్ఈడీ బల్బు వేడి ఇవ్వదు. సునాబెడలో పుష్య మాఘాల్లో రాత్రి పది డిగ్రీల లోపుకు దిగుతుంది కదా, ఆ చలికి రాత్రుళ్ళు వెలుతురు ఇవ్వని సిరామిక్ హీటర్ కావాలి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తో. సల్కాటా తాబేళ్ళు చలికాలపు నిద్ర పోయే జాతి కాదు. చల్లబడి కదలకుండా ఉంటే నిద్రపోతోందని అనుకోవద్దు. చెమ్మ ఉండి వెచ్చగా ఉంటే మేలు, చెమ్మ ఉండి చల్లగా ఉంటే న్యుమోనియా. అందుకని చెమ్మ మట్టి ఉన్న గదిని రాత్రి 25 డిగ్రీల లోపుకు పోనివ్వకండి. పైన ఒక పలక మూసి, దుప్పటి కప్పితే వేడి నిలుస్తుంది. పలక, దుప్పటి హీటరుకు దూరంగా ఉండాలి. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే ఆ రోజే వైద్యుడికి చూపించాలి. కరెంటు పోతే వేడినీళ్ళ సీసాలకు తువ్వాలు చుట్టి డ్రమ్ము పక్కన పెట్టండి.

దీపాలన్నీ గొలుసుతో, పింగాణీ హోల్డరుకు బిగించండి. క్లిప్పు ఒక్కదాన్నే నమ్మవద్దు. నేను మొదట కట్టిన చోటులో క్లిప్పు జారి బల్బు ఎండుగడ్డి మీద పడింది. పొగ వాసనకు మా ఇంట్లోవాళ్ళు లేచారు కాబట్టి సరిపోయింది.

ఎండ గురించి ఒక్క మాట. చిప్పలో ఎముక గట్టిపడటానికి డి3 విటమిన్ కావాలి, అది ఎండలోని యూవీబీ కిరణాల వల్ల చర్మంలో తయారవుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. కాబట్టి అద్దం వెనక ఎండలో కూర్చోబెట్టినా ప్రయోజనం లేదు. మీ ఊళ్ళో చలికాలం మధ్యాహ్నాలు చక్కటి ఎండ కాస్తుంది. పదకొండు నుంచి రెండింటి దాకా, గాలి చల్లగా లేని రోజుల్లో, పెరట్లోకి వదలండి. ముసురు పట్టిన వారాల కోసం సరీసృపాలకని అమ్మే యూవీబీ ట్యూబు ఒకటి పెట్టి, ఏడాదికోసారి మార్చండి. వెలుగుతూనే ఉన్నా లోపల ఆ కిరణాల శక్తి తగ్గిపోతుంది.

ఇప్పుడు మధ్య గోడ సంగతి. రెండు తాబేళ్ళు ఒకదానికొకటి తోడని మనం అనుకుంటాం. సల్కాటాలకు అలాంటి తోడు అక్కరలేదు. ఒకటి పెద్దరికం చేస్తుంది, రెండోది మేత దగ్గరకు రాకుండా మూలన ఉండిపోతుంది. పెరిగే కొద్దీ మగవి గొంతు కింద పొడుచుకు వచ్చిన చిప్పతో పొడిచి, ఎదుటిదాన్ని వెల్లకిలా తిప్పేస్తాయి. ఎవరూ చూడకపోతే, దీపం కింద అలా పడి ఉన్న తాబేలు బతకదు. మీ రెండింటిలో బొడిపెలు ఉన్నది చిన్నగా ఉందా, తూకం వేసి చూడండి. చిన్నగా ఉంటే విడదీయడం ఇంకా తొందర.

మేత గురించి మీరు అడగలేదు, కాని చెప్పకుండా ఉండలేను. గడ్డి తినే జీవి ఇది. గరిక, ఎండుగడ్డి, మందార ఆకులూ పూలూ, మునగాకు, ముళ్ళు కాల్చి తీసిన నాగజెముడు మట్టలు పెట్టండి. అన్నం, బిస్కెట్లు, అరటిపండ్లు, కుక్కల మేత వద్దు. కాల్షియం కోసం పచారీ కొట్లో దొరికే సముద్రపు నురుగు (కటిల్ బోన్) ముక్క ఒకటి మూలన వేయండి, కావలసినప్పుడు కొరుక్కుంటాయి. మేత మట్టిలో వేయకుండా నాపరాయి పలక మీద పెట్టండి. వారానికి రెండు మూడుసార్లు గోరువెచ్చని నీళ్ళలో, గడ్డం దాకా మాత్రమే వచ్చేలా, పావుగంట ఉంచండి. అమ్మాయి వాటిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములుంటాయి. ఆ నీటి తొట్టిని వంటింటి సింకులో కడగవద్దు.

ఈ కట్టడం మీకు నాలుగైదేళ్ళు పనికి వస్తే గొప్ప. ప్రపంచంలోని మెట్ట తాబేళ్ళలో ఇది మూడో పెద్ద జాతి. పెద్దయితే నలభై కిలోలు దాటవచ్చు, మనిషి ఆయుష్షుతో సమానంగా బతుకుతుంది. అప్పుడు ఇంటి మూల చాలదు, కంచె పునాది నేలలోకి దిగిన పెరడు కావాలి. ‘మావారి ఉద్యోగరీత్యా’ అని మీరు రాశారు. రేపు బదిలీ అయినా, పదవీ విరమణ తరువాత ఊరికి వెళ్ళినా ఇవి ఎక్కడ ఉంటాయో ఇప్పటి నుంచే ఇద్దరూ మాట్లాడుకోండి.

తవ్వడంలో ఒక తేడా మాత్రం ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. ఎప్పుడైనా గంజాం జిల్లాలో రుషికుల్య తీరానికి వెళ్ళి సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టడం చూశారా? అవి గుంట తీసేది వెనక తెడ్లతో. మెట్ట తాబేలు కూడా అంతే. ముందు కాళ్ళతో తవ్వితే ఇల్లు, వెనక కాళ్ళతో తవ్వితే గుడ్లు. మీవి ఇంకా చిన్నవి, అయినా ముందుముందు ఆడది పెద్దదై, మేత మాని, వెనక కాళ్ళతో ఒక్కోచోట గుంట తీసి వదిలేస్తుంటే గుడ్లకు చోటు నచ్చలేదని అర్థం. లోతైన వెచ్చటి మట్టి ఇవ్వాలి, రెండు మూడు రోజుల్లో పెట్టకపోతే ఎక్స్‌రే తీయించాలి.

కొత్త చోటులో వదిలిన మొదటి రాత్రి రెండూ కనిపించకుండా పోతాయి. మీ అమ్మాయి కంగారుపడుతుంది. తవ్వి బయటకు తీయవద్దు. డ్రమ్ము నోటి దగ్గర కొత్త మట్టి కుప్ప ఉందో లేదో చూడండి, ఉంటే లోపలే ఉన్నాయి. పొద్దున దీపం వెలిగించి, పలక మీద రెండు మందార పూలు పెట్టి ఎదురుచూడండి. ముందు ముక్కు, తరువాత మట్టి అంటిన తల బయటకు వస్తాయి. రెండో రోజు మధ్యాహ్నానికి కూడా రాకపోతే చేత్తో మెల్లగా మట్టి తీసి చూడండి. ఒళ్ళు చల్లగా తగిలితే రాత్రి వేడి చాలడం లేదని తెలుసుకుని హీటరు ఒక మెట్టు పెంచండి.